జోడీకి చివరి చదివింపు

ఫైలు మొదటి పేజీ చదవగానే ఏజెంట్ దావీదురాజుకు నవ్వొచ్చింది. ఇరవై ఏళ్ళ సర్వీసు, మూడు సరిహద్దులు, ఒంట్లో రెండు తూటాలు. చివరికి దక్కింది ఇది!

"మొబైల్ గేములా సార్? ఆడాలా?"

"ఆపాలి," అన్నాడు చీఫ్ గోపీనాథ్. కర్నూలు ప్రభుత్వ అతిథిగృహంలో ఏసీ చచ్చి వారమైంది. చీఫ్ మాత్రం కోటు విప్పలేదు. కోటు లేకపోతే తాను చీఫ్‌నన్న సంగతి ఎవరికీ గుర్తుండదని ఆయన భయం. అది నిజం కూడా.

"కడపలో నాగశ్రీ అనే అమ్మాయి ఒక ప్లగిన్ రాసింది. పేరు జోడీ. గేము ఒక్కసారి తయారుచేస్తే చాలు, అన్ని రకాల ఫోన్లలోనూ నడుస్తుంది. మూడేళ్ళ కష్టం. దానికి డబ్బు కోసం క్రౌడ్‌ఫండింగ్ పెట్టింది."

"అంటే, చందాలు."

"ముప్పై లక్షలు. గడువు రేపు సాయంత్రం ఐదు. రూపాయి తగ్గినా అందరి డబ్బూ వెనక్కి పోతుంది. ఇచ్చినవాళ్ళకు తలా ఒక ఓటు. జోడీలో ఏ యాడ్స్ మాడ్యూల్, అంటే ప్రకటనలు చూపించే ముక్క, పెట్టాలో వాళ్ళే తేలుస్తారు. ఐదు కాగానే గెలిచిన మాడ్యూల్‌తో సహా ప్లగిన్ దానంతటదే రెండువందల గేమ్ కంపెనీలకు వెళ్ళిపోతుంది."

"పోటీలో ఎన్ని మాడ్యూళ్ళు?"

"రెండు. ఒకటి మంచిది. రెండోది 'నార్త్ గేట్' పంపింది."

దావీదురాజు నవ్వు ఆగింది. నార్త్ గేట్ అంటే దేశాల రహస్యాలు దొంగిలించి అమ్ముకునే విదేశీ ముఠా.

"అది గెలిస్తే గేము ఆడే ప్రతి ఫోనూ వాళ్ళకు మైకే," అన్నాడు చీఫ్. "తుమ్మలపల్లె యురేనియం గనికి పోయే షిఫ్ట్ బస్సులో అందరి చేతుల్లో ఫోన్లే. ఎవరు దిగారు, ఎప్పుడు దిగారు, లోపల ఏం మాట్లాడుకున్నారు, అన్నీ పోతాయి. ముఠా వందల దొంగపేర్లతో చందా కట్టి ఓట్లు కూడబెట్టింది. ఆ పేర్ల జాబితా మన మనిషి శ్రీవాసవి తెస్తుంది. రెండేళ్ళుగా ముఠాలోనే ఉండి మనకు పనిచేస్తోంది. ఆ పేర్లకు డబ్బు వాపసు ఇప్పించు. డబ్బు పోతే ఓటు పోతుంది."

"అసలు పోటీనే ఆపేయొచ్చుగా?"

"సైటువాళ్ళకు మెయిల్ పెట్టాం. మూడు పనిదినాల్లో జవాబిస్తామని జవాబిచ్చారు."

టెక్నికల్ విభాగం ఒక పెన్ను కెమెరా, ఒక దొంగమీసం ఇచ్చింది. కెమెరా నలభై డిగ్రీల దాకానే పనిచేస్తుందట. కడపలో ఆ రోజు నలభై నాలుగు.

* * *

మర్నాడు సాయంత్రం నాలుగు దాటాక దావీదురాజు బోరు మోటారు కొనడానికొచ్చిన రైతు వేషంలో కడపలోని ఒక దుకాణం మెట్లెక్కాడు. గల్లా దగ్గర నాగశ్రీ తండ్రి రామకోటయ్య కూర్చున్నాడు. అరవై ఎనిమిదేళ్ళవాడు, చెవుల మీద వెంట్రుకలు, ముక్కు చివర అద్దాలు. ఆయన మనిషిని ఒక్కసారి పైనుంచి కిందికి చూశాడు.

"మీసం జారిపోతాండాది, చూసుకోప్పా. బోరు ఎన్ని అడుగులు?"

దావీదురాజు ఎన్ని అడుగులో చెప్పలేకపోయాడు. మీసం పీకి జేబులో వేసుకుని గుర్తింపు కార్డు చూపించాడు.

"సర్కారోళ్ళా! అందుకే బోరు సంగతి తెలీలా," అన్నాడు రామకోటయ్య. "పైన ఉండాది మా పాప. పోలీసోళ్ళు వచ్చేదాకా తెచ్చుకుండాది. ఊరందరి ముందర చెయ్యి జాపేది మా ఇంట్లో లేదప్పా. నేనైతే ఒక్క పైసా ఇయ్యలా."

ఆ మాట పైకి వినబడాలనే గట్టిగా అన్నాడు.

పైన, ప్లాస్టిక్ పైపు కట్టల మధ్య, ఒక బల్లా రెండు కంప్యూటర్లూ. అదే కంపెనీ. నాగశ్రీ కళ్ళు నిద్రలేక ఎర్రబడి ఉన్నాయి. తెరమీద మొత్తం ముప్పై లక్షల ఎనభై ఆరు వేలు దాటింది. సంగతంతా విని ఆమె ఒకే ఒక్క ప్రశ్న అడిగింది.

"సార్, నా జోడీ బతుకుతుందా?"

జవాబు చెప్పేలోగా మెట్ల మీద హైహీల్స్ చప్పుడైంది. నల్లద్దాలు, తెల్ల సిల్కు చీర, చేతిలో ఎర్రటి లిప్‌స్టిక్. పైపుల దుకాణానికి ఎవరూ అట్లా రారు. రహస్యంగా ఉండమంటే ఇట్లాంటివాళ్ళు సినిమా షూటింగుకు వచ్చినట్టు వస్తారు.

"కడప రాయి కాలుతోంది," అంది కోడ్‌వర్డు.

"నీళ్ళు చల్లాలి," అన్నాడు దావీదురాజు, సిగ్గుపడుతూ. ఈ మాటలు తయారుచేయడానికి ఢిల్లీలో ఒక కమిటీ ఉంది.

శ్రీవాసవి కాగితం బల్లమీద పెట్టింది. నూట ఎనభై పేర్లు. "అన్నీ మెషీన్ సృష్టించినవే. తీసేయించండి. తగ్గే మొత్తం సీక్రెట్ ఫండ్ నుంచి నేను వేస్తాను. క్విక్!"

వచ్చినావిడకు మంచినీళ్ళు తీసుకుని రామకోటయ్య కూడా పైకొచ్చాడు. "ఏ ఊరమ్మా మనది?"

"ప్రొద్దుటూరండీ. మేమూ కోమట్లమే," అంది ఆమె తియ్యగా.

టైము నాలుగూ నలభై ఎనిమిది. నాగశ్రీ మొదటి పేరు కొట్టింది. శివలీల, ఆదోని. తెరమీద ఆమె ఇచ్చిన మొత్తం వచ్చింది, 516. రెండోది వీరేష్, ఎమ్మిగనూరు, 1116. మూడోది హంపమ్మ, కోసిగి, 116.

రామకోటయ్య అద్దాలు పైకి తోసుకున్నాడు. "ఏం పాపా, వీళ్ళ దుడ్లు ఎందుకు వాపసిస్తాండావు?"

"దొంగ మనుషులంట నాయనా. మిషన్ పెట్టిన పేర్లంట."

"మిషన్‌కు నూటపదహార్లు ఎట్ల తెలుస్తాయి?"

నాగశ్రీ చెయ్యి మౌస్ మీదే ఆగిపోయింది. ఈ ప్రశ్న దావీదురాజుకు ఏ ట్రైనింగ్‌లోనూ నేర్పలేదు. కాగితంలో పేర్లే ఉన్నాయి, మొత్తాలు లేవు. అడగాలని తనకూ తోచలేదు.

"జాబితాలో లేనివాళ్ళవి తియ్యమ్మా," అన్నాడు.

నాగశ్రీ తీసింది. మహానంది, 501. తిమ్మన్న, 501. వసంతకుమార్, 501. కిందికి జరిపేకొద్దీ అదే అంకె. మూడువందల నలభై మంది. పేర్లన్నీ మనవే, ఒక్కడూ పదహారు కలపలేదు.

రామకోటయ్య నెమ్మదిగా అతిథి వైపు తిరిగాడు. "ప్రొద్దుటూరంటివి గదమ్మా. మీ ఇంట్లో పెండ్లికి ఎంత చదివిస్తారు?"

"ఐదువందల ఒకటి," అంది శ్రీవాసవి, తడుముకోకుండా.

రామకోటయ్య నవ్వాడు. నాసిరకం మోటారును మంచిదని అంటగట్టబోయిన ఏజెంటును చూసి నవ్వే నవ్వు అది. ముఠా లక్షల డాలర్లు పోసింది, పేర్లు వెతికింది, యాస కూడా నేర్పింది. శుభానికి ఒకటి కలపాలని ఉత్తరాదిన ఎవరినో అడిగి తెలుసుకుంది. ఇక్కడ కలిపేది పదహారని చెప్పడానికి వాళ్ళకు ఒక్క తెలుగువాడూ దొరకలేదు!

శ్రీవాసవి లిప్‌స్టిక్ అడుగు నొక్కింది. తెరమీద ఇంటర్నెట్ గుర్తు ఆరిపోయింది. జామర్! "ఐదయ్యేదాకా ఎవరూ ఏమీ చేయలేరు," అంది, తియ్యదనం పూర్తిగా వదిలేసి. దావీదురాజు ఆమె మణికట్టు పట్టి మెలిపెట్టాడు. లిప్‌స్టిక్ మెట్ల మీదుగా దొర్లుకుంటూ కిందికి పోయింది. రామకోటయ్య మోకాళ్ళ నొప్పి మరిచి దిగి, దాన్ని మోటార్లు టెస్టు చేసే నీళ్ళ డ్రమ్ములో వేశాడు. అది రెండు బుడగలు వదిలి ఊరుకుంది. పైన దావీదురాజు డబుల్ ఏజెంటు చేతులను బోరు మోటారు తాడుతో కుర్చీకి కట్టేశాడు.

నాలుగూ యాభై ఆరు. ఇంటర్నెట్ వచ్చింది. నాగశ్రీ మూడువందల నలభై మందికీ ఒక్క దెబ్బతో వాపసు కొట్టింది. ముఠా ఓట్లు పోయాయి, శ్రీవాసవి తీసేయమన్న అసలు మనుషుల ఓట్లు మిగిలాయి. మొత్తం ఇరవై తొమ్మిది లక్షల పదహారు వేలకు పడిపోయింది.

"ఎనభై నాలుగు వేలు తగ్గింది సార్," అంది నాగశ్రీ. "అందరి డబ్బూ వెనక్కి పోతుంది. జోడీ పోయినట్టే."

దావీదురాజు చీఫ్‌కు ఫోన్ చేశాడు. సీక్రెట్ ఫండ్‌కు మూడు సంతకాలు కావాలట. ఒకాయన లీవులో ఉన్నాడట.

రామకోటయ్య ఆయాసపడుతూ పైకొచ్చి కూతురి ముఖం చూశాడు. మూడేళ్ళుగా ఆమె పనిని ఎగతాళి చేసిన మనిషి ఫోన్ తీశాడు. వేలితో ఒక్కొక్క అంకే కొట్టాడు. లక్షా నూటపదహారు.

ఫోన్ ఒప్పుకోలేదు. రోజుకు లక్షే పరిమితి.

"పెద్దాయనా, లక్ష కొట్టండి చాలు!" అరిచాడు దావీదురాజు. నాలుగూ యాభై తొమ్మిది.

"సున్నాతో ముగించి ఎట్లిచ్చేదప్పా? నా బిడ్డకు ఇదే మొదటి చదివింపు!"

"నాయనా, ఇరవై సెకన్లు!"

"ఉండు పాపా, తొందరపెట్టాకు." ఆయన చెరిపి మళ్ళీ కొట్టాడు. తొమ్మిది, సున్న, ఒకటి, ఒకటి, ఆరు. పిన్ను నొక్కాడు.

తెరమీద చక్రం తిరిగింది. మూడు సెకన్లుండగా మొత్తం ముప్పై లక్షలు దాటింది. ఐదు కాగానే మంచి మాడ్యూల్‌తో జోడీ బయల్దేరిపోయింది. నాగశ్రీ తండ్రి భుజం మీద తల పెట్టి ఏడ్చింది. ఆయన గోడమీది పైపుల కంపెనీ క్యాలెండర్ చూస్తూ నిలబడ్డాడు, తన కళ్ళు ఎవరికీ కనబడకుండా.

* * *

మిషన్ రిపోర్టులో 'శత్రువును కనిపెట్టిన టెక్నాలజీ' అనే గడి ఉంది. ఖాళీగా వదిలితే కంప్యూటర్ తీసుకోదు. దావీదురాజు ఆలోచించి నింపాడు: "రామకోటయ్య. వెర్షన్ 68."

పది రోజులకు ఢిల్లీ నుంచి జవాబొచ్చింది. పనితీరు సంతృప్తికరం, అలాంటివి ముప్పై కావాలి, వెంటనే కొటేషన్ పంపగలరు.