పన్నెండు జగ్గుల తొట్టి

దెయ్యాలు చీకట్లోనే తిరుగుతాయంటారు. ఆ నియమం ఎవరు పెట్టారో గానీ, మా ఇంట్లో అది చెల్లలేదు. నాకు జరిగిందంతా పట్టపగలే, కిటికీలోంచి ఎండ గచ్చు మీద పడుతుండగానే జరిగింది.

నేను ఇంటింటికీ తిరిగి నీటి మీటర్లు చూసి రాసుకునే ఉద్యోగిని. ఓ బకెట్టు నీళ్లు ఎక్కడికి పోయాయో తేలకపోతే నాకు కాలూ చెయ్యీ ఆడదు. మా ఆవిడ దీన్ని జబ్బంటుంది. ఆ రోజుల్లో అనడానికి తను ఇంట్లో లేదు. రెండు నెలలూ ఆసుపత్రిలో మా అమ్మాయి మంచం పక్కనే ఉండిపోయింది. అమ్మాయికి ఎనిమిదేళ్లు. బక్కపలచగా ఉంటుందని పిచ్చుక అని పిలుస్తాం.

జబ్బు పడకముందు పిచ్చుక అడిగిందని చేపల తొట్టి కొన్నాను. నీళ్లు పోసి ఆ పూటే నాలుగు చేపల్ని వేశాను. నాలుగో రోజుకి నాలుగూ పైకి తేలాయి. "నీళ్లే చంపేశాయా నాన్నా?" అని అడిగింది పిచ్చుక. మరో నెలకి తన కిడ్నీలు మొరాయించాయి. ఆసుపత్రికి బయల్దేరేముందు నాచేత ఒట్టు వేయించుకుంది. తను తిరిగొచ్చేసరికి తొట్టి సిద్ధంగా ఉండాలి. ఈసారి ఎవ్వరూ చావకూడదు.

నా తప్పేమిటో చేపల కొట్టాయన విడమరిచి చెప్పాడు. చేప వదిలే మలినం నీళ్లలో అమ్మోనియా అవుతుంది. అది విషం. దాన్ని తినే సూక్ష్మజీవులు ఫిల్టరు స్పాంజిలో పెరిగి దాన్ని నైట్రైట్‌గా మారుస్తాయి. అదీ విషమే. దాన్ని ఇంకో రకం జీవులు నైట్రేట్‌గా మార్చాకే చేపలకి బతుకు. "అందాకా చేపలు లేకుండానే రోజూ సీసాలోంచి అమ్మోనియా చుక్కలు వేస్తుండాలి సార్. ఖాళీ తొట్టికి మేత పెట్టడమే అనుకోండి," అన్నాడు. ఒంట్లో పుట్టిన విషాన్ని ఒళ్లే కడుక్కోవాలని డాక్టరమ్మ కూడా ఆ వారమే చెప్పింది. నేను ఇద్దరికీ ఒకేలా తలూపాను.

తొట్టి కడిగి, అడుగున ఇసుక పరిచి, ఐదు లీటర్ల జగ్గుతో నీళ్లు పోశాను. సరిగ్గా పన్నెండు జగ్గులు పట్టాయి. అద్దం మీద అక్కడే గీత గీశాను.

నెల గడిచింది. రోజూ పొద్దున్నే చుక్కలు వేసేవాణ్ణి. గాజు గొట్టంలో కాసిని నీళ్లు తీసి మందు కలిపి చూసేవాణ్ణి. పసుపు వస్తే అమ్మోనియా పోయినట్టు. నాకెప్పుడూ ఆకుపచ్చే. కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉందేమోనని దానికీ మందు వేశాను. హీటరు చూశాను, మోటారు చూశాను. అన్నీ బాగానే ఉన్నాయి. ఆకుపచ్చ మాత్రం కదల్లేదు. నాకు కోపం రాలేదు, ఏడుపూ రాలేదు. ఆ రెండు నెలలూ నాకు ఏదీ రాలేదు. ఆసుపత్రికి వెళ్లడం, రావడం, రంగు చూసి రాసుకోవడం, అంతే.

"పాత తొట్టి ఉన్నవాళ్ల దగ్గర స్పాంజి ముక్క ఒకటి సంపాదించండి సార్. తోడు వేసినట్టు పనిచేస్తుంది," అన్నాడు కొట్టాయన.

పిల్లల వార్డు బయట వరండాలో పెద్ద తొట్టి ఒకటుంది. అందులో చేపల్లేవు. బుడగలు మాత్రం వస్తుంటాయి. అయినా తల్లిదండ్రులందరం దాన్నే చూస్తూ కూర్చునేవాళ్లం. ఒక మధ్యాహ్నం ఆయా దాన్ని శుభ్రం చేస్తుంటే దగ్గరికెళ్లాను.

"ఇందులో చేపలు వెయ్యరా అమ్మా?" అన్నాను గుసగుసగా. అక్కడ అందరూ అలాగే మాట్లాడతారు.

"నిలవవు బాబూ."

"మరి ఇదంతా ఎందుకు?"

"ఓసారి మోటారు ఆపేశారు. వార్డులో పిల్లలంతా ఒకటే ఏడుపు. ఎందుకో నాకూ తెలీదు."

అడగ్గానే స్పాంజిలో సగం కోసి, సంచిలో వేసి ఇచ్చింది. ఇస్తూ నా మొహం చూడలేదు.

దాన్ని మా ఫిల్టరులో పెట్టాను. మర్నాటికి గొట్టంలో పసుపు. రెండు వారాల్లో నైట్రైట్ పెరిగింది, తగ్గింది, సున్నా అయింది. మా ఆవిడకి ఫోన్ చేసి చెప్పాను. "పోనీలెండి, ఒక్కటైనా దారికొచ్చింది," అంది.

ఆ తర్వాత ఒక రోజు పనుల హడావిడిలో చుక్కలు వెయ్యడం మర్చిపోయాను. మర్నాడు చూస్తే ఆకుపచ్చ. వెయ్యని అమ్మోనియా ఎక్కణ్ణించి వచ్చింది? కావాలని ఇంకో రెండు రోజులు మానేశాను. ఇంకా ముదురు ఆకుపచ్చ. కుళాయి నీళ్లు పరీక్షించాను. పసుపే.

కొట్టాయన తల గోక్కున్నాడు. "ఏదైనా కుళ్లుతుండాలి సార్. లేదా ఏదైనా ఊపిరి పీలుస్తుండాలి. చేపలు ఊపిరితోనే దాన్ని వదుల్తాయి. మీరింకా చేపలు వెయ్యలేదు కదా?"

ఇంటికొచ్చి ఇసుక దాకా నీళ్లన్నీ తోడేశాను. వేళ్లతో ఇసుక కెలికాను. ఏమీ లేదు. మళ్లీ జగ్గుతో పోయడం మొదలుపెట్టాను. ఐదు... ఆరు... ఏడు... ఎనిమిదో జగ్గుకే నీళ్లు గీతని తాకాయి.

తడి ఇసుక మహా అయితే అర జగ్గు తేడా తెస్తుంది. నాలుగు జగ్గుల చోటు ఏమైంది?

మళ్లీ తోడాను. మళ్లీ పోశాను. ఎనిమిది.

మోచేతి దాకా చెయ్యి ముంచాను. నీళ్లు తప్ప ఏమీ తగల్లేదు. మెల్లగా జరిపాను. ఎడమ మూల నుంచి మధ్యకి... అక్కడ వెచ్చగా ఉంది. హీటరు కుడి మూల ఉంది. అక్కడ మాత్రం, జ్వరమొచ్చిన పిల్ల నుదురు మీద చెయ్యి వేసినట్టు... చెయ్యి లాగేసుకున్నాను.

నాలుగు జగ్గులంటే ఇరవై లీటర్లు. మనిషి నీళ్లలో మునిగితే ఇంచుమించు తన బరువంత నీటిని పక్కకి తోస్తాడు. పిచ్చుక మంచానికి వేలాడే చీటీ మీద బరువు ఇరవై కిలోలు.

చేతులు తుడుచుకోకుండానే ఫోన్ చేశాను.

"పిచ్చుక?"

"ఇక్కడే ఉంది... నిద్రపోతోంది. ఏమైందండీ?"

"ఒకసారి చెయ్యి వేసి చూడు."

"వేశాను. చల్లగా ఉంది. జ్వరం లేదు. ఏమైందసలు?"

"ఏం లేదు."

అంటే, అది పిచ్చుక కాదు. నాకు ఊపిరాడింది. ఆ ఊరటకి ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను. అది ఇంకెవరి పిల్లో అని ఆ క్షణాన నాకు తట్టనే లేదు.

ఆ తొట్టి అవతల పారెయ్యాల్సింది. పారెయ్యలేదు. ఒట్టు వేశాను కదా. పైగా ఆపేస్తే పిల్లలు ఏడ్చారన్న మాట చెవిలోనే ఉంది. పొద్దున్నే లేచి చుక్కలు వేస్తూనే ఉన్నాను.

పిచ్చుకని ఇంటికి పంపించారు. గుమ్మంలో అడుగుపెడుతూనే తొట్టి దగ్గరికి పరిగెత్తబోయింది, మా ఆవిడ పట్టుకుంది. చేపలు తెచ్చేముందు నీళ్లు మార్చాలి. తోడాను. పిచ్చుక చూస్తుండగా పోశాను. ఎనిమిది... తొమ్మిది... గీత ఇంకా పైనే ఉంది. పన్నెండు. సరిగ్గా పన్నెండు పట్టాయి. గొట్టంలో పసుపు.

అప్పుడు ఏడ్చాను. రెండు నెలల్లో అదే మొదటిసారి. మధ్యాహ్నానికల్లా నాలుగు చేపలు తొట్టంతా తిరుగుతున్నాయి. "ఈసారి చావవు కదూ?" అంది పిచ్చుక. "చావవు తల్లీ," అన్నాను, నమ్మకంగానే.

సాయంత్రం ఐదింటికి స్నానం. ఆసుపత్రిలో పొట్ట మీద వేసిన కట్టు తడవకూడదన్నారు. అందుకే పిల్ల కూర్చుంటే నీళ్లు నడుము దాటకుండా లెక్క చూసి, టబ్బులో గీత గీసి, అక్కడి దాకా పోశాను. పిచ్చుక దిగింది. ఒక పక్కకి ఒదిగి, మోకాళ్లు దగ్గరికి ముడుచుకుని కూర్చుంది.

నీళ్లు నడుము దగ్గర ఆగలేదు. కట్టు అంచు దాకా వచ్చాయి.

గబుక్కున ఎత్తి బయట నిలబెట్టి తువ్వాలు చుట్టాను. కట్టు తడవలేదు. టబ్బు వైపు చూశాను. నీళ్లు సగమే దిగాయి. గీతకి నాలుగు వేళ్లు పైనే ఆగిపోయాయి. ఎవరూ లేని నీళ్లు... కదలకుండా...

"నాన్నా," అంది పిచ్చుక మెల్లగా, వార్డులో మాట్లాడినట్టు. "ఒక్క తువ్వాలే తెచ్చావేం?"

నేనేం చెయ్యను? ఈసారి ఎవ్వరూ చావకూడదని ఒట్టు వేశాను. లోపలికి వెళ్లి, బీరువా తీసి, ఉతికిన తువ్వాలు ఇంకొకటి తెచ్చాను.

తిరిగొచ్చేసరికి టబ్బులో నీళ్లు సరిగ్గా గీత దగ్గర ఉన్నాయి.