ఎర్ర కారు, మేకుల టైర్లు

హిల్కా ఆ ఉదయం కూడా మామూలుగానే కాఫీ పెట్టి, నల్ల రొట్టె ముక్కలు కోసి, వెన్న గిన్నె బల్ల మీద పెట్టి, వంటింటి కిటికీ తెర పక్కకి లాగింది. సరస్సు అంచున మంచు పలక కట్టడం మొదలైంది. ముప్ఫై ఏళ్ళుగా ఒక బూడిదరంగు కారు తర్వాత ఇంకో బూడిదరంగు కారు నిలబడిన వాకిట్లో ఎర్ర కారు నిలబడి ఉంది. రెండే తలుపులు, నేలకి ఆనుకున్నట్టుండే పొట్ట, వెనకాల దేనికో తెలియని రెక్క. వచ్చి మూడు రోజులైనా హిల్కాకి ఎవరో పరాయి మనిషి చెప్పాపెట్టకుండా వచ్చి వాకిట్లో కూర్చున్నట్టే ఉంది.

అరవై మూడేళ్ళ మగవాడు, మొన్ననే రంపపు మిల్లులో ఉద్యోగం చాలించినవాడు, పెళ్ళానికి మాటమాత్రం చెప్పకుండా కుర్రాళ్ళు తిరిగే కారు కొనుక్కొస్తే ఎవరైనా ఏమనుకుంటారు? ఊరు అనుకోవలసిందే అనుకుంది. అందరికన్నా ముందు అనుకున్నది హిల్కా మొగుడు తార్మోకి సొంత చెల్లెలు ఇర్మా. కాఫీ దిగకముందే ఫోన్ చేసింది.

"వదినా, నేను చెప్పానని అన్నయ్యతో అనకు. నిన్న కాయాని పట్నంలో టైర్ల షాపు ముందు నుంచి వెళ్తుంటే మీ కొత్త కారు కనబడింది. స్టీరింగ్ ముందు ఎవరో ఆడమనిషి. పొట్టి మనిషి. అన్నయ్య పక్క సీట్లో కూర్చుని చేతులు ఊపుతూ తెగ చెప్పేస్తున్నాడు."

"షాపు మనిషై ఉంటుందిలే."

"అయ్యుండొచ్చు. కానీ అన్నయ్య తన స్టీరింగ్ ఎప్పుడైనా ఇంకొకరికి ఇచ్చాడా? నీకిచ్చాడా?"

"కాఫీ పొంగుతోంది, తర్వాత మాట్లాడతా," అని హిల్కా ఫోన్ పెట్టేసింది. కాఫీ ఏమీ పొంగలేదు. ఇర్మా అన్న చివరి మాట మాత్రం మనసులో ముల్లులా దిగబడింది.

తార్మో వచ్చి కూర్చున్నాడు. హిల్కా కాఫీ పోస్తూ, ఏమీ తెలియనట్టు అడిగింది.

"టైర్లు వేయించావా?"

మా వైపు మగవాళ్ళు మాటల మనుషులు కారు. పెళ్ళిలో మాట్లాడరు, చావులో మాట్లాడరు. చలికాలం టైర్ల ఊసెత్తితే మాత్రం వాళ్ళని ఆపడం ఎవరి తరమూ కాదు. తార్మో ముఖం విచ్చుకుంది.

"వేయించా. దాంతో వచ్చినవి వెడల్పు టైర్లు, ఎండాకాలం షోకువి. మంచు మీద పడవలా తేలిపోతాయి. అందుకే చక్రాలే ఒక సైజు తగ్గించి సన్నవి పెట్టించా. సన్న టైరు మంచుని కోసుకుంటూ కిందకి దిగి నేలని పట్టుకుంటుంది."

"మేకులు లేనివేగా?"

రొట్టె మీద వెన్న రాస్తున్న చెయ్యి ఆగింది. "మేకులవి."

హిల్కా కాఫీ కూజాని బల్ల మీద కాస్త గట్టిగానే పెట్టింది. మంచు మీద జారకుండా పైన ఇనప మేకులు దిగేసిన టైర్లంటే తార్మోకి ఎంత చులకనో ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు. అవి నడపడం చేతకాని వాళ్ళకనీ, రోడ్డంతా గీకేస్తాయనీ, వాటి రొదకి చెవులు పోతాయనీ ముప్ఫై ఏళ్ళుగా ఆవిరి స్నానాల గదిలో కూర్చున్న ప్రతివాడికీ చెప్పాడు. తన అల్లుడు మేకుల టైర్లు వేయించాడని ఒక చలికాలమంతా అతన్ని ఏడిపించాడు.

"నువ్వా? మేకులవా?"

"చలి సున్నా డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు, తడి మంచు మీద, వాటంత గట్టిగా పట్టుకునేది ఇంకోటి లేదు."

"ఆ సంగతి ఇన్నేళ్ళూ తెలియదా నీకు?"

"నా చేతికి అక్కర్లేదు. అందరి చేతులూ ఒకలా ఉండవు కదా," అనేసి తార్మో నాలుక కరుచుకున్నాడు.

"ఎవరి చేతులు?"

"మాటవరసకన్నా." ఆ మాట కూడా హిల్కా ముఖం చూసి అనలేదు. ఆమె చెవి పక్కనుంచి గోడ వైపు చూస్తూ అన్నాడు. గబగబా కాఫీ తాగేసి, పడవని గట్టు మీదకి లాగాలని లేచి వెళ్ళిపోయాడు.

హిల్కా కూర్చున్నచోటే కూర్చుండిపోయింది. వేసవి నుంచీ ఇదే వరస. ఎదురుగా కూర్చుని మాట్లాడుతూనే చూపు ఎటో పెడతాడు. తను ముఖంలోకి చూస్తే తల పక్కకి తిప్పేస్తాడు. ఫోన్ వస్తే వాకిట్లోకి వెళ్ళి మాట్లాడతాడు. బజారుకి పొద్దున్నే వెళ్ళి, చీకటి పడకముందే ఆదరాబాదరా వచ్చేస్తాడు. ఎవరి పని వేళలకో సరిపెట్టుకుంటున్నట్టు. ఒక్కొక్కటీ విడిగా చూస్తే ఏమీ కాదు. అన్నీ ఒకచోట పెట్టి చూస్తే మాత్రం వాటికి ఒకటే అర్థం. ముప్ఫై ఎనిమిదేళ్ళ కాపురం ఇలా టైర్ల షాపు ముందు ముగుస్తుందా అనిపించింది.

గుట్టున ఏడుస్తూ కూర్చునే మనిషి కాదు ఆవిడ. కోటు తగిలించుకుని కారు దగ్గరికి వెళ్ళింది. తలుపు తీసి డ్రైవర్ సీట్లో కూర్చుంది. ఆమె పాదాలు సరిగ్గా పెడళ్ళ మీదకి వెళ్ళాయి. తనంటే పొట్టి మనిషి. తార్మో ఆరడుగుల పైన మనిషి. ఈ సీట్లో అతను కూర్చుంటే మోకాళ్ళు గడ్డానికి తగులుతాయి. అంటే ఇది ఎవరో పొట్టిమనిషి కోసం ముందుకి జరిపిన సీటు. ఇర్మా పొరపాటు పడలేదు.

అప్పుడు పక్క సీటు కాళ్ళ దగ్గర కొత్తగా బిగించిన ఇనప పెడల్ కనబడింది. అదేమిటో హిల్కాకి ఒకరు చెప్పక్కర్లేదు. కూతురు రీనాకి పద్దెనిమిదో ఏట తార్మో ఇంట్లోనే డ్రైవింగ్ నేర్పినప్పుడు పాత కారుకి ఇలాంటిదే పెట్టించాడు. నేర్చుకునేవాళ్ళు తడబడితే పక్కన కూర్చున్నవాళ్ళు తొక్కే బ్రేకు అది. ఇప్పుడు ఎవరికి నేర్పుతున్నాడు? ఎవరి పక్కన అంత ఓపిగ్గా కూర్చుంటున్నాడు?

తార్మో తడిసిన చేతితొడుగులు విప్పుకుంటూ లోపలికి వచ్చేసరికి హిల్కా వంటింటి మధ్యలో నిలబడి ఉంది.

"ఎవరది?"

"ఏది?"

"పొట్టిది. నడపడం రానిది. దాని కోసం నీ సిద్ధాంతాలన్నీ గాలికొదిలేసి మేకుల టైర్లు వేయించావే, అది. దానికి ఎక్కడ దెబ్బ తగులుతుందోనని రెండో బ్రేకు కూడా పెట్టించావుగా!"

తార్మో తొడుగులు బల్ల మీద పెట్టాడు. "మూడు రోజుల నుంచీ చెబ్దామనే..."

"అయితే చెప్పు. నా ముఖంలోకి చూసి చెప్పు. వేసవి నుంచీ గోడకి చెప్తున్నావు, కిటికీకి చెప్తున్నావు. ఇంతకాలం నీతో కాపురం చేశానే, వెళ్ళిపోయేటప్పుడైనా ముఖం చూసి చెప్పే మర్యాద లేదా?"

"ముఖంలోకి చూస్తే నువ్వు కనబడవు, హిల్కా."

ఆవిడకి అర్థం కాలేదు. ఇది కూడా ఏదో తప్పించుకునే మాటే అనుకుంది.

తార్మో కుర్చీ కోసం తడిమి కూర్చున్నాడు. "నేరుగా దేన్ని చూస్తే దాని మధ్యలో బూడిద మచ్చ ఒకటి వస్తుంది. గడియారం చూస్తే ముళ్ళు ఉండవు. నిన్ను చూస్తే జుట్టుంటుంది, భుజాలుంటాయి, ముఖం ఉండదు. పక్కకి చూస్తేనే కంటి చివర నువ్వుంటావు. నేను గోడని చూడటం లేదే. ఇన్ని రోజులూ నిన్నే చూస్తున్నా."

హిల్కా పక్కన కుర్చీ ఉందో లేదో కూడా చూసుకోకుండా కూలబడింది. అయిదు నెలలుగా తనని చూడటానికి అతను పడిన అవస్థనంతా తనని చూడకుండా తప్పించుకోవడమే అనుకుంది. ఎన్నెన్ని మాటలన్నాను అనుకుంటే ఆవిడకి కళ్ళు నిండిపోయాయి.

"మరి... ఆ పొట్టి మనిషి?"

"షాపులో టైర్లు బిగించే ఆవిడ. అచ్చం నీ ఎత్తే ఉంది. నీకు సీటు ఎంత ముందుకి ఉండాలో చూద్దామని కూర్చోబెట్టా. ఇంటికొచ్చాక మళ్ళీ అక్కడికే జరిపి పెట్టా. ఇక నడపాల్సింది నువ్వే. ఆ రెండో బ్రేకు ఉంటే నీకు ధైర్యంగా ఉంటుందనుకున్నా."

"నేను లైసెన్సు డబ్బాలో పెట్టేసి ఇరవై ఏళ్ళు దాటిపోయింది! నాకు ఇలాంటి కారా? ముసలిదానికి?"

"ఇంకో బూడిద కారు తెస్తే అది కూడా నాదే అనుకుని, అలవాటుకొద్దీ పక్క సీటు తలుపు తీసి కూర్చునేదానివి. ఇది చూస్తే నాది అనిపించదు కదా. చిన్నది, నాలుగు చక్రాలూ లాగుతాయి, చెప్పిన మాట వింటుంది." ఒక్క క్షణం ఆగి, తప్పు చేసిన పిల్లాడిలా అన్నాడు. "కొంచెం నాకూ ఇష్టమయింది. ఇక మీద కంటితో చూసి కారు కొనను కదా."

హిల్కా లేచి అతని తల నిమరబోయింది. అంతలో ఆమె చెయ్యి గాలిలోనే ఆగిపోయింది.

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"జూన్‌లో. పగలు, తెలిసిన దారిలో, అదీ కొన్నాళ్ళు మాత్రమే నడపమంది డాక్టరు."

"అక్టోబర్ సెలవులకి ఒల్లిని ఔలు నుంచి నువ్వే తీసుకొచ్చావు. మీరొచ్చేసరికి చీకటి పడింది."

ఒల్లి ఔలు పట్నంలో ఉండే రీనా కొడుకు. ఆరేళ్ళవాడు.

"రోడ్డు కనబడిందా నీకు?"

"దారిలో ఆలస్యమైంది... రోడ్డు అంచున తెల్లగీత చూసుకుంటూ వచ్చా."

"గీత చూసుకుంటూ వచ్చావా! పిల్లాణ్ణి వెనక కూర్చోబెట్టుకుని!" హిల్కా బల్ల మీద చరిచిన చరుపుకి వెన్న గిన్నె ఎగిరిపడింది. "ఆడది ఉందన్నా బావుండేది. ఆడదే అయితే నా ఒక్కదాని కడుపే మండేది. నేనిక్కడ నీకోసం ఏడవబోతున్నాను, ముందు నిన్ను కొట్టాలి!"

"కొట్టు."

"తాళం ఇలా పెట్టు. రీనాకి నువ్వే చెప్పాలి. ఇప్పుడే. కోటు వేసుకో, నేను నడుపుతా, నువ్వు ఫోన్ చేద్దువుగాని, పద."

తార్మో తాళం ఆమె అరచేతిలో పెట్టాడు. "మంచు మీద నీకు భయం కదా?"

"భయమే. ఒక్కసారి కారుతో సహా గుంటలో పడ్డాను. ఆ కథ ప్రతి క్రిస్మస్‌కీ చెప్పి అందర్నీ నవ్వించావు. గుంటకి కాదు, ఆ నవ్వులకి భయపడి మానేశాను."

అది జోకు కాదని తార్మోకి ఆ రోజే తెలిసింది. "ఇక చెప్పను," అన్నాడు.

కారు వాకిట్లోనే రెండుసార్లు ఆగిపోయింది. మూడోసారి ఎగిరి ముందుకి దూకింది. తార్మో నవ్వలేదు. టైర్ల మేకులు గట్టి నేల మీద టకటకమంటుంటే హిల్కా స్టీరింగ్‌ని రెండు చేతులా పట్టుకుని, ఊపిరి బిగబట్టి, మెల్లగా పెద్ద రోడ్డెక్కింది. నున్నటి మంచు ఉన్న మలుపులో కారు ఒక్కసారి జారబోయి, వెంటనే నిలదొక్కుకుంది. తార్మో పాదం బ్రేకు మీదకి వెళ్ళలేదు. ఆ సంగతి హిల్కా గమనించింది.

"ఫోన్ చెయ్యి," అంది.

రీనా గొంతు కారంతా వినబడింది. తార్మో ఏదీ దాచకుండా చెప్పాడు. కళ్ళ సంగతి, డాక్టరు మాట, ఆ సాయంత్రం, తెల్లగీత.

"ఒల్లి వెనక సీట్లో ఉన్నాడు, నాన్నా."

"ఉన్నాడు తల్లీ."

"ఎందుకు చెప్పలేదు?"

"చెబితే వాణ్ణి మళ్ళీ నాతో పంపరేమోనని."

"పంపను," అంది రీనా. ఏడుస్తోంది. "నువ్వు నడిపితే ఎప్పటికీ పంపను. అయినా ఆ చప్పుడేమిటి? ఇప్పుడు కూడా కార్లోనే ఉన్నావా? ఇన్ని చెప్పి మళ్ళీ నడుపుతున్నావా?"

"నేను కాదు. మీ అమ్మ."

"అమ్మా?"

"నేనేనే. ఇద్దరూ కాసేపు ఏడుపాపండి, ఎదురుగా దుంగల లారీ వస్తోంది."

లారీ మంచు దుమ్ము లేపుకుంటూ పక్కనుంచి వెళ్ళిపోయింది. ఎర్ర కారు తన దారిలోనే ఉంది. రీనా ముక్కు చీదుకోవడం వినబడింది.

"అమ్మా, శనివారం ఒల్లిని తీసుకెళ్ళడానికి వస్తావా?"

"అంత దూరమా? నేనా? పిల్లాణ్ణి నాతో పంపుతావా?"

"నువ్వు నడిపితే పంపుతాను."

హిల్కాకి రోడ్డు మసకబారింది. ముందు కనబడిన బస్సు స్టాపులోకి జాగ్రత్తగా తిప్పి, ఆపి, బ్రేకు వేసి, అప్పుడు ఏడ్చింది. ఇన్నేళ్ళూ ఎవరూ తనని ఆ మాట అడగలేదు, అడగాలని తనకి ఇంత కోరిక ఉందని ఆవిడకే తెలియదు. తార్మో చెయ్యి చాపి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. అది ఎక్కడుంటుందో అతనికి చూడకుండానే తెలుసు.