పండగ పొద్దుటికి ఎండు రొట్టె

నలభై ఒకటో పేజీలో కొరీన్ తల్లి రెండోసారి చచ్చిపోయింది!

మొదటిసారి పోయినప్పుడు ఆస్పత్రి మంచం పక్కన కొరీన్ ఉంది, చెయ్యి పట్టుకుంది. ఈసారి ఎవరూ కబురు కూడా పెట్టలేదు... చర్చి ఆడవాళ్ళంతా కలిసి వేసిన వంటల పుస్తకం, ఇంకా అచ్చు వాసన పోని పుస్తకం, వంటింటి బల్లమీద తెరిచి ఉంది. ‘లిండ్‌క్విస్ట్ వారి క్రిస్మస్ పొద్దుటి కాసరోల్’ అని, ఓవెన్‌లో కాల్చే రొట్టె-గుడ్ల వంటకం పేరు, పైన పెద్ద అక్షరాలు. దాని కింద: ‘మా వంశంలో నాలుగు తరాలుగా వస్తున్న వంటకం. శ్రీమతి ఓర్ఫా లిండ్‌క్విస్ట్.’

ఓర్ఫా అంటే కొరీన్ అత్తగారు. డెబ్బై నాలుగేళ్ళ జీవితంలో ఒక్కసారైనా ఈ వంటకం వండని మనిషి!

కొరీన్ మూడుసార్లు చదివింది. గుడ్లు పది. పాలు, మీగడ, దాల్చినచెక్క పొడి, చిటికెడు జాజికాయ. పైన చల్లడానికి వెన్నలో కలిపిన ముదురు రంగు చక్కెర, పెకాన్ పప్పులు. ముందురోజే కలిపి రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టి, పొద్దున్నే ఓవెన్‌లోకి తొయ్యాలి. కొలతలన్నీ అమ్మవే. చివర, ‘పండగనాడు నీ నిద్ర నీదే, పొయ్యి దగ్గర నిలబడకు’ అన్న మాట... అది కూడా అమ్మదే! ఆ గొంతు, ఆ విరుపు, ఆ నవ్వు... ఓర్ఫా అన్నీ ఎత్తి తన పేరు కింద పెట్టుకుంది. ఇంకొకరి దువ్వెనలో చిక్కిన వెంట్రుకలు నోట్లో తగిలినట్టుంది కొరీన్‌కి.

కొరీన్ తల్లి విల్మా టటిల్, కూతురికి ఇల్లు ఇవ్వలేదు. నగ ఇవ్వలేదు. పోస్టుకార్డంత అట్టముక్క మీద పెన్సిలుతో రాసిన ఈ వంటకం ఒక్కటే ఇచ్చి పోయింది. అమెరికాలో, అయోవా రాష్ట్రంలోని ఈ చిన్న ఊళ్ళో ఆవిడ పేరు తలుచుకునే మనిషి కొరీన్ ఒక్కతే.

వెనక తలుపు తెరుచుకుంది. బూట్లకంటిన మంచు దులుపుకుంటూ భర్త మెర్ల్ లోపలికొచ్చాడు.

“ఈ పుస్తకం టైపు చేసిందెవరు మెర్ల్?”

“నేనేగా. అమ్మకి చూపు ఆనట్లేదని...” భోజనాల బల్లమీద, పాత దుప్పటి పరిచి కొరీన్ ఆరబెట్టిన రొట్టెముక్కలున్నాయి. ఒకటి తీసి నోట్లో వేసుకున్నాడు.

“నలభై ఒకటో పేజీ కూడానా?”

నమలడం ఆగింది. అంతే, ఒక్క క్షణం. మళ్ళీ మొదలైంది.

“నా డబ్బాలోంచి మా అమ్మ రాసిన కార్డు తీసింది నువ్వేనన్నమాట.”

“అమ్మ అడిగింది, ఇచ్చాను. మళ్ళీ ఉన్నచోట పెట్టేశాను కదా!”

“దాని మీద పేరుంది.”

“కొరీన్... ఒక్క వంటకం. రొట్టె, గుడ్లు! పండగపూట దీనికింత రాద్ధాంతమా?”

అతని కింది పెదవికి రొట్టె పొడి అంటుకుని ఉంది. పంతొమ్మిదేళ్ళు కాపురం చేసిన నోరు అది. ఎన్నడూ లేనిది, ఆ నోరు చూస్తే కొరీన్‌కి వెగటు పుట్టింది!

ఆమె మళ్ళీ పేజీ వైపు తిరిగింది. ఏదో తగ్గింది. డబ్బాలోంచి కార్డు తీసి పక్కన పెట్టి చూసింది. అమ్మ రాసిన మొదటి వాక్యం, కింద రెండు గీతలు గీసిన వాక్యం: ‘రొట్టె ఒకరోజు ముందే కోసి ఆరబెట్టు. గట్టిపడాలి. మెత్తటి రొట్టె పాలు తాగదు, చచ్చి పాలల్లో కలిసిపోతుంది.’

పుస్తకంలో ఆ వాక్యం లేదు. దాని బదులు: ‘బేకరీ నుంచి అప్పుడే తెచ్చిన మెత్తని రొట్టె ఒకటి.’

“ఎలా ఉంది అచ్చు?” తలుపు తట్టే అలవాటు లేని ఓర్ఫా అప్పటికే వంటింట్లో నిలబడి ఉంది. చేతులకి తొడుగులు, కోటు గుండీ దగ్గర క్రిస్మస్ గంట బొమ్మ. “ఆ నాలుగు తరాలన్న మాట నాదే. నిండుగా ఉంది కదూ?”

పెళ్ళయిన రోజు నుంచి కొరీన్ ఆమెని అమ్మా అనే పిలిచింది. ఇప్పుడు ఆ మాట గొంతులోనే ఎండిపోయింది.

“అది మా అమ్మ వంటకం.”

“మీ అమ్మదేముందమ్మాయ్ అందులో? కోడిని మీ అమ్మ కనిపెట్టిందా, ఆవుని కనిపెట్టిందా?”

“మొదటి వాక్యం ఎందుకు తీసేశారు?”

ఓర్ఫా బల్లమీది రొట్టెముక్కల్ని వేలి కొసతో అటూ ఇటూ కదిపింది, చచ్చిన ఎలుకని కదిపినట్టు. “ఎండిపోయిన రొట్టె అని నా పేరు కింద వేయించుకుంటానా? మీ అమ్మలా లారీలు ఆగే హోటల్లో ఎంగిలి రొట్టెలు ఏరుకునేవాళ్ళకి చెల్లుతుంది. మనం తాజాగా కొనుక్కోగలం. ఏటా నీ బల్లమీద ఈ ఎండుముక్కలు చూసి నాకు పందుల కుడితే గుర్తొచ్చేది. పండగపూట ఎందుకులే అని ఊరుకునేదాన్ని.”

“అమ్మా, ఇంక చాల్లే...” గొణిగాడు మెర్ల్.

“చాలదురా! ఎల్లుండి పొద్దున అందరూ మా ఇంటికే రండి. ఈసారి నా చేత్తో చేస్తున్నా. ఊళ్ళో తొంభై ఇళ్ళలో ఇదే వండుతున్నారట! చర్చి మెట్ల మీద కనపడ్డ ప్రతి మనిషీ అదే మాట.”

తొంభై ఇళ్ళు! తొంభై ఓవెన్లు, తొంభై మెత్తటి రొట్టెలు!

కొరీన్ నోరు తెరిచింది. ఒక్క మాట చాలు. తాజా రొట్టె వేస్తే పాడవుతుందని ఒక్క మాట...

నోరు మూసుకుంది.

* * *

మర్నాడు మధ్యాహ్నం కూతురు జనెల్ గుడ్లు గిలకొడుతోంది. పదిహేనేళ్ళ పిల్ల. కొరీన్ వెన్న రాసిన గాజుపళ్ళెంలో ఎండుముక్కలు పేర్చి, పాలూ గుడ్లూ కలిపిన చిక్కటి ద్రవం నెమ్మదిగా పోసింది. ముక్కలు చిన్నగా చిటచిటమన్నాయి. దాహంతో ఉన్న మనిషి గుటకలు వేసినట్టు!

“అమ్మా, అమ్మమ్మ ఇది ముందురోజే ఎందుకు చేసేది? పొద్దున్నే చెయ్యొచ్చుగా?”

“పొద్దున్నే అమ్మ ఇంట్లో ఉండేది కాదు జనెల్... పండగైనా లారీలు ఆగవు. నాలుగింటికే హోటలుకి వెళ్ళిపోయేది. తెల్లారాక నేను లేచి పళ్ళెం ఓవెన్‌లో పెట్టుకునేదాన్ని. తొమ్మిదేళ్ళు నాకు. ఇల్లంతా దాల్చినచెక్క వాసన వచ్చేది. ఆ వాసన ఉన్నంతసేపూ అమ్మ ఇంట్లో ఉన్నట్టే ఉండేది...” కొరీన్ పళ్ళెం అంచు తుడిచింది. “ఎండు రొట్టె ఎంగిలిది కాదు. అమ్ముడుపోని రొట్టెలు యజమాని వారం చివర ఇచ్చేవాడు. ఎండిపోయిన రొట్టెతో ఏం చెయ్యొచ్చా అని ఆలోచించి ఆలోచించి అమ్మ కనిపెట్టింది ఇది.”

జనెల్ గిలకొట్టడం ఆపింది. “మరి నాన్నమ్మది రేపు పాడైపోతుందిగా? నువ్వు చెప్పలేదా?”

“లేదు.”

“అందరివీ పాడవుతాయా?”

కొరీన్ పళ్ళేనికి రేకు కాగితం బిగించి ఫ్రిజ్‌లో పెట్టింది. ఫోను గోడమీదే ఉంది, నాలుగడుగుల దూరంలో. రాత్రి ఆ ఫోను పక్కనుంచే దీపాలార్పుకుంటూ వెళ్ళి పడుకుంది.

* * *

క్రిస్మస్ పొద్దున్న ఎనిమిదిన్నరకి ఓర్ఫా మంచి పింగాణీ ప్లేట్లు పరిచి, పళ్ళెం తెచ్చి బల్ల మధ్యలో పెట్టింది. పైన చూడ్డానికి బంగారంలా ఉంది.

గరిటె దిగింది. దిగడమేమిటి, జారింది! చక్కెర పొర కింద రొట్టె అనేదే లేదు. తడిసిన కాగితం గుజ్జు, మధ్య మధ్య విరిగిన గుడ్డు తునకలు, అంచుల వెంట ఊరుతున్న పచ్చటి నీళ్ళు. చంటిపిల్ల కక్కుకున్నట్టుంది! నీచు వాసన గుప్పుమంది. కొడుకు కాబట్టి మెర్ల్ ఒక చెంచా నోట్లో పెట్టుకున్నాడు. అది గొంతు దిగడానికి పడ్డ పాట్లు బల్ల చుట్టూ ఉన్నవాళ్ళంతా చూశారు.

“నాన్నా, ఊసెయ్,” అంది జనెల్.

“కాసేపు ఆరితే గట్టిపడుతుంది,” అంది ఓర్ఫా.

ఫోను మోగింది.

“హలో... ఆఁ హేజెల్! నీళ్ళుగా ఉందా? ఇంకో అరగంట ఓవెన్‌లో ఉంచు.” పెట్టేసింది. మళ్ళీ మోగింది. “అలాగేం ఉండదే లోయిస్... నీ ఓవెన్ పాతది కదూ!” మళ్ళీ మోగింది. ఓర్ఫా మెడ మీద ఎర్రటి మచ్చలు లేచాయి. నాలుగోసారికి ఆమె గొంతు మారిపోయింది. “అయ్యో, నా తప్పేముందమ్మా ఇందులో? ఇదంతా మా కోడలి వంటకం. కొలతలు తప్పు చెప్పింది. ఏం చేస్తాం, ఆ పెంపకం అలాంటిది...”

నాలుగు తరాల వంటకం ఒక్క నిమిషంలో కోడలిదైపోయింది!

కొరీన్ లేచి వెళ్ళి ఆమె చేతిలోంచి ఫోను తీసుకుని గోడకి తగిలించింది.

“నేను కొలతలు తప్పు చెప్పలేదు. మీరు నన్ను అడగనే లేదు. ఎండు రొట్టె అని ఉన్న వాక్యం మీరే కొట్టేశారు, అందుకే ఇలా అయింది.” ఆమె పాడైన పళ్ళెం వైపు చెయ్యి చూపించింది. “కానీ ఇది పాడవుతుందని నాకు మొన్నే తెలుసు! తొంభై ఇళ్ళలో పిల్లలు పండగ పొద్దున్నే ఈ రోత ముందు కూర్చుంటారని తెలుసు. తెలిసీ నోరు మూసుకున్నాను. మీరు అవమానపడితే చూడాలని! మా అమ్మ పండగపూట ఎవరినీ ఆకలితో ఉంచలేదు. నేను ఉంచాను. మిమ్మల్ని చూస్తే ఎంత అసహ్యమేస్తోందో... నన్ను చూసుకుంటే అంతకంటే ఎక్కువేస్తోంది!”

జనెల్ ఏడుస్తోంది. మెర్ల్ రుమాలుతో నోరు తుడుచుకుని నిలబడ్డాడు. పంతొమ్మిదేళ్ళలో తల్లి ఎదురుగా అతను గొంతెత్తడం ఎవరూ వినలేదు.

“కార్డు మీద విల్మా అని ఉంది. నేను చూశాను. చూస్తూనే నీ పేరు టైపు చేశాను... అమ్మా, గొలుసు మొదలుపెట్టు.”

“ఏ గొలుసు?”

“ప్రార్థన గొలుసు. ఎవరికైనా జబ్బు చేస్తే నువ్వేగా మొదలెడతావు? నిజమేంటో చెప్పి ఇప్పుడు మొదలుపెట్టు. నువ్వు పెట్టకపోతే నేను పెడతాను.”

“నా గొలుసు నీ చేతికెందుకిస్తానురా?” ఓర్ఫా చివ్వున తలెత్తింది. ఇరవై ఆరేళ్ళుగా ఆ గొలుసుకి మొదటి ఫోను ఆమెదే. ఒకరు ముగ్గురికి, ఆ ముగ్గురు తలో ముగ్గురికి... మాట మారకూడదు కాబట్టి అందరూ కాగితం మీద రాసుకుని చదవాలి. చిట్టచివరి మనిషి మొదటి ఇంటికే ఫోను చేసి, తనకేం చేరిందో తిరిగి చదివి వినిపించాలి. అది పద్ధతి.

ఓర్ఫా కాగితం, పెన్సిలు తీసుకుంది. కళ్ళజోడు పెట్టుకుంది. ‘నలభై ఒకటో పేజీ వంటకం నాది కాదు’ అని రాయడానికి చాలాసేపు పట్టింది. పెదవులు చేదు మాత్ర చప్పరిస్తున్నట్టు కదులుతున్నాయి.

“ఒకావిడది అని రాస్తాను.”

“పేరు,” అంది కొరీన్.

పేరు రాసింది.

“లారీ హోటల్లో వంట చేసేదని కూడా.”

“అదెందుకు, అందరూ...”

“అదే ముఖ్యం.”

పెన్సిలు ములుకు విరిగింది. ఓర్ఫా ఇంకో పెన్సిలు తీసుకుని రాసింది. తర్వాత హేజెల్‌కి, లోయిస్‌కి, ఇంకొకామెకి ఫోను చేసి, కాగితంలో ఉన్నది ఉన్నట్టు చదివింది. గొంతు తగ్గించలేదు. ఆ మాత్రం పౌరుషం ఉంది ఆమెకి.

ఆమె చదువుతుండగానే మెర్ల్ ఇంటికెళ్ళి ఫ్రిజ్‌లోని పళ్ళెం తెచ్చాడు. గంటకి అది ఓవెన్‌లోంచి బయటికొచ్చింది, పొంగి, అంచులు కరకరలాడుతూ. పాడైన పళ్ళెం ఎదురుగానే అందరూ తిన్నారు. ఓర్ఫా బాగుందనలేదు. ప్లేటు ఖాళీ చేసింది. అప్పుడు తన పళ్ళెం తనే ఎత్తుకెళ్ళి, చెంచాతో గీకి గీకి చెత్తబుట్టలో పోసింది. కొరీన్ సాయం చెయ్యలేదు. క్షమించానని కూడా అనలేదు. ఆ నీచు వాసన ఇంకా ఇంట్లోనే ఉంది.

పదకొండు దాటాక ఫోను మోగింది. ఓర్ఫా సింకు దగ్గర్నుంచి వెనక్కి తిరగలేదు.

“నువ్వే తియ్యి కొరీన్,” అంది. “అది నీకే.”

గొలుసులో చిట్టచివరి మనిషి, ఊరి బయట పొలంలో ఒంటరిగా ఉండే మేబెల్ స్ట్రాండ్. కాగితం చప్పుడు వినిపించింది. ముసలి గొంతు ఒక్కో మాటా విడివిడిగా చదివింది:

“నలభై ఒకటో పేజీ వంటకం నాది కాదు. అది కొరీన్ వాళ్ళమ్మ విల్మా టటిల్‌ది. ఆమె హైవే మీద లారీ హోటల్లో వంట చేసేది. రొట్టె ఒకరోజు ముందే కోసి ఆరబెట్టాలి. వాక్యం తీసేసింది నేను. ఓర్ఫా లిండ్‌క్విస్ట్.” ఆగి అడిగింది, “సరిగ్గానే చేరిందా అమ్మా?”

కొరీన్ గోడకి ఆనుకుంది. తొంభై ఇళ్ళు తిరిగొచ్చింది అమ్మ పేరు. ఒక్క అక్షరం కూడా పోలేదు!

“సరిగ్గానే చేరింది,” అంది కళ్ళు తుడుచుకుంటూ. “మేబెల్ గారూ... మీకు పనేం లేకపోతే, ఇంకొక్కసారి చదువుతారా?”