కావాలని చెడగొట్టిన విమానం

భీమిలి తీరంలో బుల్లి విమానాల మైదానం ఆ ఉదయం కూడా మూగగానే ఉంది. పాతికమంది ఇసుకలో నిలబడి, అరచేతిలో ఇమిడే మీటలతో విమానాలు ఎగరేస్తున్నారు. ఒక్కటీ తడబడదు, ఒక్కటీ కూలదు. మారురెక్క వచ్చాక అంతే. గాలి ఎటు తోసినా ఆ రెక్క తన వంపు తనే మార్చుకుంటుంది. మనిషి చేతి తప్పును అప్పటికప్పుడే దిద్దేస్తుంది. తప్పే లేనప్పుడు పక్కవాడితో మాట్లాడే పనేముంది?

పైడిరాజేశ్వరి బాధంతా అదే. ఏడాదిగా ఆమె పక్కనే నిలబడి ఎగరేస్తున్నాడొకాయన. పేరు సన్యాసిరావని అతని విమానం మీద చదువుకుంది. పేరుకు తగ్గట్టు తల పక్కకు తిప్పడు. తనే పలకరించవచ్చు కదా అంటే, తను పనిచేసే మారురెక్కల కర్మాగారంలో విమానం తోకల నమూనాలు గీసినంత తేలిగ్గా ఆమెకు మాటలు రావు. సాయంత్రం పిన్ని చూసిన సంబంధంవాళ్లు వస్తున్నారు. ఈ పూట దాటితే ఇక అంతే సంగతులు.

అందుకే మారురెక్క లేని విమానం ఒకటి తయారు చేసి తెచ్చింది. కదలని రెక్కలు. వాటి వెనక అంచున, విమానాన్ని పక్కలకు వాల్చే పలకలు ఉండవలసినదానికి రెండింతలు. తోక చిన్నది. బ్యాటరీ బాగా వెనక్కి. బాగా ఎగిరేది చెయ్యడం ఆమెకు మంచినీళ్లు తాగినంత పని. సరిగ్గా కావలసినంత చెడ్డగా ఎగిరేది చెయ్యడానికి తల ప్రాణం తోకకొచ్చింది.

విసిరింది. విమానం ముక్కెత్తింది, మరీ ఎత్తింది, ఒక్క క్షణం ఆగి కిందికి దూకింది. మీట తాకీ తాకగానే వెల్లకిలా తిరిగింది. ఇంత ఘోరంగా ఎగురుతుందని ఆమె కూడా అనుకోలేదు.

“ముక్కు దించండి! దించండమ్మా!” అని అరిచాడు సన్యాసిరావు.

“ఓలమ్మో, నా మీదకే వచ్చేస్తంది!” అంటూ ఒక పెద్దావిడ పరుగు తీసింది. విమానం ఇసుకలో దిగబడింది.

అతను దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. “ఏటండీ ఇది! పలకలు ఇంతింత పెడితే తిరగబడిపోదా? బరువంతా వెనకే ఉంది. ఇంత తోక దాన్నెలాగ నిలబెడతాది? ఎవరు చేసారండీ?”

“నేనేనండి.”

“అలాగా... నునుపు మట్టుకు బాగా కుదిరిందండి.”

బ్యాటరీ ముందుకు జరిపాడు. పలకల్లో సగాన్ని టేపుతో రెక్కకు అంటించేశాడు. ఈసారి విమానం గాలిలో నిలబడింది. చెయ్యి ఎటంటే అటు ఒదిగింది. గాలి తోపు వేళ్లకు తెలుస్తుంటే పైడిరాజేశ్వరి చిన్నపిల్లలా కేక పెట్టింది. “నాకోసారి ఇవ్వండి”, “ముందు నాకు” అని చుట్టూ ఉన్నవాళ్లు ఎగబడ్డారు. ఏడాదిగా ముఖాలు మాత్రమే తెలిసినవాళ్లు పేర్లు చెప్పుకున్నారు. సన్యాసిరావు విమానం పైన ఒంటరిగా చక్కర్లు కొడుతూనే ఉంది. దాని సంగతి అతనికే గుర్తు లేదు.

విమానం బాగుపడింది. ఇక మాట్లాడటానికి ఏమీ మిగల్లేదని ఆమెకు దిగులేసింది.

సన్యాసిరావు తోక వైపు చూసి గొంతు సవరించుకున్నాడు. “చుక్కాని కూడా తేడాగా ఉందండి. సాయంత్రం మీ ఇంటికొచ్చి చూస్తాను.”

చుక్కానిలో ఏ లోపమూ లేదు. గీసింది తనే కాబట్టి ఆమెకు తెలుసు. ఎర్రబడ్డ అతని చెవులు చూస్తే అతనికీ తెలుసని అర్థమైంది.

“సాయంత్రం మా ఇంటికి పెళ్లిచూపులవాళ్లు వస్తున్నారండి,” అంది మెల్లగా.

అతను పైన తిరుగుతున్న తన విమానాన్ని దించేశాడు.

“అయితే మధ్యాహ్నమే వచ్చేస్తానండి. మా అమ్మని కూడా తీసుకొస్తాను.”