యుకిజావా నుంచి వచ్చినవాళ్లు

శనివారం మధ్యాహ్నం. రాఫెల్స్ ప్లేస్‌లో ఆఫీసంతా ఖాళీ. ఐటీ జోరు మీదున్న ఆ రోజుల్లో సెలవునాడు పనికి రావడం వింతేం కాదు గానీ, నాగమల్లేశ్వరి వచ్చింది మొగుడు సురేన్ కోసం.

జపాన్‌లో యుకిజావా అని ఓ చిన్న పట్టణం. చుట్టూ దేవదారు కొండలు, మధ్యలో ఏరు, శీతాకాలమంతా నడుంలోతు మంచు. అక్కడి మునిసిపాలిటీకి ఈ ఆఫీసు తరఫునే కంప్యూటర్ సిస్టమ్ పెట్టడానికి సురేన్ వెళ్లాడు. ఒక్క శీతాకాలమే కదా, నువ్వూ రమ్మని బతిమాలాడు. ఈవిడకి ప్రమోషన్ ఎక్కువైంది. ఇక్కడి సెరంగూన్ రోడ్డులో ఎర్ర తాళ్ల బూట్లు కొనిచ్చి పంపేసింది. జనవరిలో మంచు విరిగిపడి, అతనున్న బస్సు ఏట్లోకి పోయింది. పదకొండుమంది గల్లంతు. ఒక్కరూ దొరకలేదు.

ఇప్పుడు ఆ పట్టణాన్నే పక్క ఊళ్లో కలిపేశారు. సోమవారం నుంచి యుకిజావా అన్న పేరే ఉండదు. నిన్న ఆ సంగతి చెప్పేటప్పుడు టీమ్ లీడ్ జనార్ధనరావు ఆమె మొహంలోకి చూడలేకపోయాడు.

"గల్లంతైనవాళ్ల లిస్టులో పాత ఊరి అడ్రస్ ఉన్న పేర్లన్నీ డిలీట్ అయిపోతాయమ్మా."

అడ్రస్ మారిస్తే పేరు పోదన్నమాట. ఆ లిస్టు తెరిచి, సురేన్‌కి ఆంగ్ మో కియోలోని తమ ఫ్లాట్ అడ్రస్ రాసింది. కళ్లకి మసకలు కమ్మాయి. ఈ ఒక్క పేరుకే మార్చమని చెప్పే ఆఖరి లైను రాయకుండానే ఎంటర్ నొక్కేసింది. ఏ ప్రోగ్రామరైనా జన్మలో ఒక్కసారి చేసే తప్పే అది.

తెర మీద పడింది: పదకొండు పేర్లు మారాయి.

తడి ఉన్ని వాసన గుప్పుమంది. ఏసీ ఆగి ఉంది. అయినా చలి... వెనక్కి చూడకుండా, ఇంటికెళ్లే రైలు కోసం స్టేషన్‌కి పరుగెత్తింది.

తమ ఫ్లాట్ ఉన్న పదో అంతస్తులో లిఫ్ట్ దిగేసరికి వరండా అంతా ఎండ. జపానువాళ్లూ మనలాగే చెప్పులు బయట విడుస్తారని సురేన్ ఫోన్లో చెప్పి నవ్వేవాడు.

తన గుమ్మం ముందు బూట్లు. ఒద్దికగా, వరసగా. ముసలివాళ్లవి, ఆడవాళ్లవి, ఓ పసిపిల్లవి. వాటి మీద మంచు... అంత ఎండలోనూ కరగలేదు.

ఒక్కో జతా వంగి చూసింది. పది.

మళ్లీ లెక్కపెట్టింది. పదే. ఎర్ర తాళ్లవి ఎక్కడా లేవు.

"సురేన్..." అంది గుసగుసగా. ఏడుపు ఆగలేదు. "అందర్నీ పంపి, నువ్వెక్కడ ఉండిపోయావు?"

తాళంచెవి ఆమె చేతిలోనే ఉంది.

లోపల్నుంచి ఎవరో మెల్లగా గడియ తీశారు.