మేరీ సంచిలో క్యాసెట్

"నేను దొంగని కాదు సార్. మీరొక్కరన్నా నమ్మండి," అంది మేరీ, కుర్చీ చూపించినా కూర్చోకుండా.

హిందూపురంలో మందుల షాపు మీదున్న ఆ ఇరుకు గదికి వచ్చేవాళ్లలో ఎక్కువమందికి ఇల్లు విడిచిపోయిన మొగుణ్ణో, మాయమైన స్కూటరునో వెతికిపెట్టాలి. ప్రైవేట్ డిటెక్టివ్ కృష్ణకాంత్ అందరికీ ఒకే మర్యాద చేస్తాడు: ముందు మంచినీళ్లు, తర్వాత ప్రశ్నలు. గ్లాసు అందించింది ఆయన అసిస్టెంటు మంజుల. ఒకప్పుడు ఒక వకీలు దగ్గర గుమాస్తాగా ఉండేది. ఆ వకీలు ఏడాదంతా తల పట్టుకున్న చిక్కును ఈయన ఒక పూటలో విప్పడం చూసి, ఆ ఉద్యోగం మానేసి ఇక్కడ చేరింది. కృష్ణకాంత్ పొరపడటమనేది ఆమె లెక్కలో లేదు. ఆయన భార్య అభిప్రాయం వేరనుకోండి.

మేరీ నీళ్లు తాగి, కొంగుతో మొహం తుడుచుకుని జరిగింది చెప్పింది.

అది రెండువేల నాలుగు. విదేశాల్లో ఉద్యోగం కావాలనుకున్న నర్సులు ఒక ఇంగ్లీష్ పరీక్ష గట్టెక్కాలి. అందులో చదవడం, రాయడం, మాట్లాడటం ఒక ఎత్తయితే, టేపులో వచ్చే దొరల సంభాషణ విని జవాబులు రాయడం ఇంకో ఎత్తు. ఆ నర్సులకు పాఠాలు చెప్పబోయే టీచర్లకు శిక్షణ ఇచ్చే కేంద్రాన్ని కమలాక్షి అనే ఆవిడ హిందూపురం రైలు పట్టాల పక్కనే నడుపుతోంది. ఈ ఏడు బెంగళూరులోని పరీక్షల సంస్థ కొత్త నిబంధన పెట్టింది. పాఠం చెప్పేవాళ్లు ముందు తామే ఆ పరీక్ష రాసి నెగ్గాలి. మేరీలాంటి కొత్తవాళ్లకే కాదు, వాళ్లకు శిక్షణ ఇచ్చే పెద్ద మాస్టారు రామకృష్ణకు కూడా అది తప్పలేదు.

"ఆదివారం పరీక్ష రాసినాము సార్. పరీక్ష పెట్టేదానికి బెంగళూరు నుంచి ప్రీతి మేడమ్ వచ్చినారు. వినే పరీక్షకి క్యాసెట్లు రెండు పంపిస్తారు. ఒగటి పాడైతే ఇంకోటి ఉండాల గదా. పరీక్ష అయినంక మేడమ్ రెండో డబ్బా తెరిచి చూస్తే అది ఖాళీగా ఉండాది. అందరి సంచులూ ఎదికినారు. నా సంచిలో, టిఫిను బాక్సు కింద దొరికింది."

"ఆ క్యాసెట్ ముందుగా విన్నవాళ్లకు జవాబులన్నీ తెలిసిపోతాయి. అంతేనా?"

"అంతే సార్. శనివారం లోపల నేను కాదని తేలకపోతే, ఇంక యాడా ఈ పాఠం చెప్పేదానికి లేకుండా నా పేరు కొట్టేస్తారంట. గుడిబండలో మా ఊరోళ్లకి అప్పుడే తెలిసిపోయింది. మా నాయన ఆదెప్ప కూలికి పోతే, నీ కూతురు దొంగతనం చేసిందంట గదా అని అడిగినారంట. ఆ పొద్దు నుంచి ఇంట్లోంచి బయటికి రాలేదు."

"మీ తరఫున మాట్లాడినవాళ్లు ఎవరూ లేరా?"

"రామకృష్ణ సారు ఉండారు. పెనుకొండ హైస్కూల్లో నాకు ఇంగ్లీష్ నేర్పించింది ఆయనే. ఈ కోర్సులో చేర్పించింది ఆయనే. భయంతో చేసినానని ఒప్పుకుంటే మాఫీ ఇప్పిస్తానన్నారు."

కృష్ణకాంత్ తలెత్తాడు. "చెయ్యనిదాన్ని ఒప్పుకోమన్నారా?"

"నా మంచికే చెప్పినారు సార్," అంది మేరీ వెంటనే. "సారు మాట నేనెప్పుడూ దాటలే."

ఆ మధ్యాహ్నమే కృష్ణకాంత్, మంజుల శిక్షణ కేంద్రానికి వెళ్లారు. రైలు పట్టాల పక్కన వినే పరీక్ష పెట్టాలనే ఆలోచన కమలాక్షికి తప్ప ఇంకెవరికీ రాదు. అదేమంటే, ఆదివారం పొద్దున ఆ లైనులో ప్యాసింజరు బండ్లు తక్కువని ఆవిడ సమాధానం. గూడ్సు బండికి ఆదివారం సోమవారం ఉండవని ఆవిడకు తట్టలేదు.

"క్యాసెట్లు దాచిన బీరువా తాళం చెవి నా దగ్గర ఒకటి, రామకృష్ణగారి దగ్గర ఒకటి ఉంటాయి," అంది కమలాక్షి. "అయినా పరీక్షకు ముందు శుక్రవారం సాయంత్రం బీరువా తెరిచే ఉంది. బెంచీలు సర్దించే హడావుడిలో ఉన్నాం. ధర్మవరంలో ట్యూషన్లు చెప్పే వెంకటేశ్వర్లు కూడా ఇక్కడే కూర్చుని టీ తాగాడు, అతనూ పరీక్ష రాసినవాడే. మేం కొత్తగా తెరవబోయే పెనుకొండ బ్రాంచి మీద అతనికి కన్నుంది. నేనేమో దాన్ని మేరీకి..."

మాట మధ్యలో ఆమె చెయ్యెత్తి ఆగింది. కిటికీలు గడగడలాడాయి. పక్క గదిలో పాఠం ఆగింది. వరండాలో కబుర్లు ఆగాయి. గూడ్సు బండి పూర్తిగా పోయాక కమలాక్షి చెయ్యి దించి, "...ఇద్దామనుకున్నా," అని వాక్యం ముగించింది. ఆ కేంద్రంలో అందరికీ అలవాటైన పద్ధతి అది. బండి వస్తే ఎక్కడి మాట అక్కడే ఆపి, పోయాక అక్కడి నుంచే ఎత్తుకుంటారు.

తర్వాత రామకృష్ణ మాస్టారు వచ్చి వాళ్లకు ఎదురుగా, దగ్గరగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. తెల్లటి చొక్కా, నెమ్మదైన మాట. చూడగానే నమస్కారం పెట్టాలనిపించే మనిషి.

"మేరీ నా బిడ్డతో సమానం. పేదరికం మనుషుల చేత ఏమైనా చేయిస్తుంది. ఒప్పుకుంటే నేను కాపాడతానని చెప్పా. వినకుండా మీ దగ్గరికి వచ్చింది."

"పరీక్ష ఎలా జరిగింది సార్?"

"బ్రహ్మాండంగా. ఒక్క ఆటంకం లేదు."

"కష్టంగా ఉందా?" అని మంజుల మాటవరసకు అడిగింది. పాఠం చెప్పేవాణ్ణి అలా అడిగితే ఊరుకుంటాడా! మాస్టారి కళ్లు మెరిశాయి.

"వినే పరీక్షలో ఒక కిటుకుంటుందమ్మా. చూడు, మ్యూజియానికి ఒకాయన ఫోన్ చేసి సెలవు ఏ రోజని అడుగుతాడు. అవతలి అమ్మాయి మంగళవారం అంటుంది. మనవాళ్లు గబగబా రాసేసుకుంటారు. కాసేపటికి ఆ అమ్మాయే, క్షమించండి, ఈ మధ్యనే గురువారానికి మార్చాం అంటుంది. చివరిదాకా చెవి పెట్టి ఉండాలి. ఈ ముక్కే నేను రోజూ క్లాసులో మొత్తుకునేది."

ఇంకో గూడ్సు వచ్చింది. మంజుల, కృష్ణకాంత్ ఆగారు. మాస్టారి పెదవులు మాత్రం కదులుతూనే ఉన్నాయి, చేతులు గాలిలో పాఠం చెబుతూనే ఉన్నాయి. బండి పోయేసరికి ఆయన ఏదో ముగించి నవ్వుతున్నాడు. పాఠం మీద ఎంత ప్రేమ అనుకుంది మంజుల. కృష్ణకాంత్ లేచి నమస్కారం పెట్టాడు.

మరునాడు ధర్మవరం. పట్టుచీరల షాపు మీద వెంకటేశ్వర్లు ట్యూషన్ సెంటరు. వీళ్లు ఎవరో తెలియగానే అతను మండిపడ్డాడు.

"నన్ను అనుమానిస్తాండారా ఏమప్పా? బ్రాంచి కావాలని అడిగినా, నిజమే. అడిగితే దొంగైపోతారా? ఆ పాపని ఇరికించాల్సిన కర్మ నాకేమి?"

"కోపం వద్దు. పరీక్ష బాగా రాశారా?"

"యాడ రాసేది! మ్యూజియం మాటలొచ్చేటప్పుడే పాడు గూడ్సు బండి వచ్చె. మంగళవారం అన్నంత వరకే ఇనపడింది. ఆ పైన ఆ ముక్కంతా పాయె. టేపు ఒగసారి మొదలుపెడితే ఆపకూడదంట, వెనక్కి తిప్పకూడదంట, రూలు. పరీక్ష అయినంక అందరం ప్రీతి మేడమ్ చుట్టూ చేరి అదే గొడవ. మంగళవారం తప్పయితే మార్కులు కలపాలని పట్టుబట్టినాము."

"అందరూనా?"

"రామకృష్ణ సారు తప్ప. ఆయన వరండాలోకి పోయినారు. ఆయనకేమప్పా, పెద్దాయన."

"మీ సంచులు ఎక్కడ పెట్టారు?"

"ఆ వరండాలోనే. బెంచీ మీద వరసగా."

తిరుగు బస్సులో, మాస్టారు ఉండే పెనుకొండ రాగానే ఇద్దరూ దిగారు. మాస్టారు అప్పుడు హిందూపురంలో క్లాసులో ఉన్నాడు. ఆయన ఇంటి గుమ్మానికి తాళం. పక్కింటి నల్లమ్మ చింతపండు ఎండబెట్టుకుంటూ, అడక్కుండానే కబుర్లు మొదలుపెట్టింది.

"ఆ సారు బంగారట్లాంటోడప్పా. ఒగటే బాధ, టేపు బలే గట్టిగా పెడ్తాడు. మొన్న శనివారం ఇంగ్లీషోళ్లు మాట్లాడిందే మాట్లాడిందే, వీధి చివరికి ఇనపడ్తా ఉన్నింది. పిల్లోళ్లకి పాఠం గదా అని మేము ఊరుకుంటాము."

బస్టాండుకు నడుస్తున్నప్పుడు కృష్ణకాంత్ ముఖం చూసి మంజులకు సంబరం పోయింది. చిక్కు విడితే ఆయన ఈల వేస్తాడు. ఆ రోజు వేయలేదు.

"ఎవరో తెలిసిందా సార్?"

"తెలిసింది. ఆ పిల్లకు ఎట్ల చెప్పాలో తెలియడం లేదు."

శనివారం కేంద్రంలో అందరూ చేరారు. కమలాక్షి, వెంకటేశ్వర్లు, రామకృష్ణ, మేరీ, బెంగళూరు నుంచి వచ్చిన ప్రీతి. మాస్టారు మేరీ పక్కనే కూర్చుని, ధైర్యంగా ఉండమన్నట్టు తల నిమిరాడు. మంజుల తల తిప్పుకుంది.

"ఒక్క ప్రశ్న," అన్నాడు కృష్ణకాంత్, అందరికీ ఎదురుగా నిలబడి. "మ్యూజియం సెలవు ఏ రోజని రాశారు?"

"మంగళవారం," అన్నాడు వెంకటేశ్వర్లు.

"మంగళవారమే సార్," అంది మేరీ.

"గురువారం," అన్నాడు రామకృష్ణ చిరునవ్వుతో.

ప్రీతి ఆశ్చర్యంగా చూసింది. "పేపర్లు దిద్దినప్పుడు గురువారం రాసింది ఒక్కరే. నేను టేపు పక్కనే నిలబడ్డాను. గూడ్సు పోయేదాకా నాకే ఒక్క ముక్క వినపడలేదు. మీకెలా వినపడింది?"

"ముందు బెంచీలో ఉన్నాను కదా," అన్నాడు మాస్టారు. కానీ గూడ్సు అన్న మాట దగ్గర ఆయన ముఖంలో ఏదో తడబడింది. ఆ రోజు బండి వచ్చిందని ఆయనకు అప్పుడే తెలిసింది.

కృష్ణకాంత్ నడుచుకుంటూ ఆయన కుర్చీ వెనక్కి వెళ్లి, మామూలు గొంతుతో అడిగాడు. "రామకృష్ణగారూ, పోయిన శనివారం మీ ఇంట్లో మోగిన టేపు ఏది?"

మాస్టారు కదలలేదు. కమలాక్షి వైపే చూస్తూ కూర్చున్నాడు. గదిలో అందరూ తననే చూస్తున్నారని గమనించి, ఏమిటన్నట్టు నవ్వాడు. ఆ నవ్వు చూడటం ఎవరికైనా కష్టమే.

"వద్దు సార్!" మేరీ లేచి నిలబడింది. "అట్ల వెనక నుంచి అడగొద్దండి. సారుకి ఎదురుగా వచ్చి అడగండి. కొన్నేండ్ల నుంచి దాదాపు ఏమీ ఇనపడదు. పెదాలు చూసి అర్థం చేసుకుంటారు. క్లాసులో ఎవురన్నా ప్రశ్న అడిగితే నేనే మళ్లీ చెప్తా ఉంటి. ఎవరికీ చెప్పొద్దన్నారు, చెప్పలే."

తన పరువు పోతున్నప్పుడు కూడా ఆమె ఆ గుట్టు విప్పలేదు. దానికీ క్యాసెట్‌కూ సంబంధం ఉందని ఆమెకు తోచనే లేదు.

కృష్ణకాంత్ మాస్టారికి ఎదురుగా వచ్చి, ఒక్కో మాటా తేటగా అన్నాడు. "కొత్త నిబంధన రాగానే మీకు భయం పట్టుకుంది. చదవడం, రాయడం మీకు నీళ్లు తాగినంత సులువు. వినడం మాత్రం కుదరదు. పరీక్షకు ముందు శుక్రవారం రెండో క్యాసెట్ తీశారు. మర్నాడు గట్టిగా పెట్టుకుని, స్పీకరుకు చెవి ఆనించి పదేపదే విని, జవాబులన్నీ కంఠతా పట్టారు. పరీక్ష అయ్యాక డబ్బాలో తిరిగి పెట్టేద్దామనుకున్నారు. ప్రీతిగారు ముందే ఆ డబ్బా చేతిలోకి తీసుకున్నారు. మిగతావాళ్లు గూడ్సు గొడవలో ఉంటే మీరు వరండాలోకి నడిచారు. పరీక్షలో తల వంచుకుని రాస్తున్న మీకు అంత చప్పుడైందని తెలియదు. తెలిసుంటే మీరూ మంగళవారమే రాసేవారు, మా మంజులకు గురువారం పాఠం చెప్పేవారు కాదు."

రామకృష్ణ కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"ఇంగ్లీష్ చెప్పే బతికినవాణ్ణి. చెవుడని తెలిస్తే నన్నెవరు పిలుస్తారు? ఇంకే పని చేతనవుతుంది నాకు?"

మంజులకు జాలేసింది. అదే నోటితో ఆయన మేరీని దొంగనని ఒప్పుకోమన్నాడని గుర్తొచ్చి ఒళ్లు మండింది కూడా.

మేరీ ఆయనకు ఎదురుగా వెళ్లి నిలబడింది. "అన్ని సంచులుండగా నా సంచే ఎందుకు సార్?"

"తొందరలో... ఏది దొరికితే..."

"నా సంచి ఆ చివర ఉన్నింది. అంత దూరం నడిచి పోయినారు. ఎందుకు సార్?"

మాస్టారు తల వంచాడు. "ఇంకొకరైతే ఎవరు పెట్టారని ఆరా తీస్తారు. నువ్వు నన్ను అనుమానించవు. నేను ఒప్పుకోమంటే ఒప్పుకుంటావనుకున్నా."

"నిజమే సార్," అంది మేరీ. "బుధవారం ఒప్పుకుందామనే బయలుదేరినా. ఆ పొద్దు బస్సు దిగినంక ఎందుకో ఏడుపొచ్చి, ఈ సారు దగ్గరికి పోయినా. లేకపోతే మీరు చెప్పినట్లే చేసింటి."

అప్పుడు ఏడ్చింది ఆమె కాదు. ఆయన ఏడ్చాడు.

మేరీ పాసయిందని, సర్టిఫికెట్ ఆ రోజే ఇస్తానని ప్రీతి చెప్పింది. పోలీసు కేసు పెట్టాలా వద్దా అన్నది మేరీ ఇష్టమంది.

"కేసు వద్దు మేడమ్. సారు మా ఊరికి రావాల. మా నాయన ముందర, అడిగినోళ్ల ముందర నిలబడి, నీ కూతురు దొంగ కాదు, నేను అని చెప్పాల."

"మేరీ, అది మాత్రం అడగొద్దమ్మా," అన్నాడు రామకృష్ణ.

"ఈ పొద్దే పోదాం రండి సార్," అంది మేరీ.

కృష్ణకాంత్, మంజుల బస్టాండు దాకా వెంట వెళ్లారు. గుడిబండ బస్సు అప్పటికే కిటకిటలాడుతోంది. ఎవరో పాత విద్యార్థి మాస్టారిని గుర్తుపట్టి, ఇద్దరూ కలిసి వచ్చారని చూసి, సీటు మొత్తం ఖాళీ చేసి ఇచ్చాడు. మాస్టారు కిటికీ పక్కకు జరిగి మేరీకి చోటు వదిలాడు. మేరీ ఆ చోటులో పక్కనున్న ముసలమ్మను కూర్చోబెట్టి, వెనక్కి వెళ్లి జనంలో నిలబడింది.