హెడ్‌లైట్ పరీక్ష

రిలే స్విచ్‌ల డిజైనర్ టీ కప్పు ఇంకా పెదవులకు ఆనించనేలేదు. కిటికీ అద్దం భళ్ళున పగిలింది. గుండెకు జానెడు పైన బుల్లెట్ దిగింది.

"ప్రాణం ఉంది. ఐసీయూలో ఆక్సిజన్ మీద ఉన్నాడు. కాల్చినవాణ్ణి కళ్ళారా చూశాడు. స్పృహ వస్తే విదేశీ ముఠా మొత్తం దొరికిపోతుంది. అందుకే మళ్ళీ వస్తారు," అన్నాడు చీఫ్.

ఏజెంట్ డేగ అప్పటికే కుర్చీలోంచి లేచాడు. ఆ డిజైనర్ అతనికి స్వయానా బాబాయి.

"ఆసుపత్రిలో మన డబుల్ ఏజెంట్ నెమలి నిన్ను కలుస్తుంది. ఆ ముఠాలోనే ఉంటూ మనకు పనిచేస్తోంది."

"ఆమెను నమ్మొచ్చా సార్?"

"నేను నా నీడనే నమ్మను. బయల్దేరు."

పెట్టుడు మీసం, ఆక్సిజన్ మెకానిక్ యూనిఫాం. జేబులో పెన్ను, అందులో సిగ్నల్ వచ్చే దిక్కును పసిగట్టే రేడియో రిసీవర్. ఐసీయూ బయట బెంచీ మీద ఒళ్ళో ఫ్లాస్కు పట్టుకుని పిన్ని కూర్చుని ఉంది. డేగను గుర్తుపట్టలేదు.

"బాబూ, గొట్టాలన్నీ సరిగ్గా ఉన్నాయా? ఇందాక ఆ ఆక్సిజన్ సీసాలో బుడగలు ఆగినట్టు అనిపించింది. నా కళ్ళే మోసం చేశాయో ఏమో."

"బానే ఉన్నాయమ్మా."

"పైపైన చూసి చెప్పకు నాయనా. మీ ఇంట్లోవాళ్ళయితే ఇలాగే చెప్తావా?"

 డేగ తలదించుకుని, వార్డు పక్కనే ఉన్న పైపుల గదిలోకి వెళ్ళాడు.

తెల్లకోటు, చెక్కుచెదరని లిప్‌స్టిక్. నెమలి గోడకు చేరగిలబడి కూర్చుని ఉంది. డొక్క మీద పెట్టుకున్న చేతివేళ్ళ మధ్య నుంచి నెత్తురు కారుతోంది.

"గొడుగు తెచ్చారా?" అని సంకేతం పలికింది కష్టంగా.

"వానకు కాదు, ఎండకు. ఎవరు పొడిచారు?"

"మావాళ్ళే. నేను మీ మనిషినని తెలిసిపోయింది. అదిగో, చూడు."

ఆక్సిజన్ వాల్వ్‌కు సబ్బుపెట్టెంత బాక్సు. అందులో సిగ్నల్ రిలే. గోరంత కరెంటును ఆన్, ఆఫ్ చేసే బుల్లి స్విచ్. బయట నుంచి రేడియో సిగ్నల్ రాగానే అది ఎలక్ట్రానిక్ లాక్‌కు ఆ గోరంత కరెంటు పంపుతుంది, వాల్వ్ మూసుకుంటుంది. వార్డంతటికీ ఊపిరి బంద్.

డేగ కట్టర్ తీశాడు.

"ముట్టుకోకు! వైరు తెగినా వాల్వ్ మూసుకుంటుంది. అలా కట్టారు."

"మరేం చెయ్యమంటావ్?"

"వదిలెయ్. అది పనిచెయ్యదు."

"నీకెలా తెలుసు?"

"నేను తెచ్చిన రిలే కదా, మావాళ్ళు అనుమానంతో టెస్ట్ చెయ్యమన్నారు. కారు హెడ్‌లైట్ బల్బు తగిలించాను. భగ్గున వెలిగింది. అయినా నమ్మకం చాలలేదు. మళ్ళీ మళ్ళీ వెలిగించారు. నేనెందుకు అడ్డుచెప్తాను?"

డేగకు బాబాయి మాట గుర్తొచ్చింది. సిగ్నల్ రిలేలో ఒకదానికొకటి తగిలే కాంటాక్టుల మీద బంగారు పూత ఉంటుంది. చిన్న కరెంటు దాటడానికి ఆ పూతే దారి. హెడ్‌లైట్ లాగేంత పెద్ద కరెంటు పంపితే అది మాడిపోతుంది. ఆ మసి మీదుగా పెద్ద కరెంటు దూకగలదేమో కానీ, చిన్నది దాటలేదు. "పసివాడి నెత్తిన బస్తా పెట్టకురా. ఆ తర్వాత గిలక్కాయ కూడా ఎత్తలేడు," అనేవాడు బాబాయి.

నిజమైతే సరే. అబద్ధమైతే? రెండు వైపులా జీతం తీసుకున్న మనిషి. గది అద్దం అవతల వార్డులో బాబాయి, వరసగా మంచాలు, బయట పిన్ని.

పెన్ను బీప్‌మంది. సిగ్నల్ వచ్చేసింది.

డేగ కట్టర్ దించేశాడు.

బాక్సులో రిలే టిక్కుమంది.

అద్దంలోంచి బాబాయి మంచం పక్కనున్న సీసా వైపే చూశాడు. నీళ్ళు కదల్లేదు.  అంతలో ఒక బుడగ పైకి లేచింది. వెనకే ఇంకొకటి.

"నెమలీ, నువ్వు చెప్పింది..."

ఆమె కళ్ళు తెరిచే ఉన్నాయి. చూపు లేదు.

పెన్ను చూపిన దిక్కున, కార్ల పార్కింగ్‌లో, ట్రాన్స్‌మిటర్‌తో సహా ముఠా నాయకుడు దొరికాడు. బేడీలు వేస్తున్నా అదే పాట. "ఎలా? బల్బు వెలిగిందే! నా ఎదురుగానే, అన్నిసార్లు వెలిగిందే!"

"అదేనయ్యా నీ కొంప ముంచింది. ఆమెను నమ్మి ఒక్కసారితో ఆపి ఉంటే నీ పని నెరవేరేదేమో," అన్నాడు చీఫ్. తర్వాత డేగ వైపు చూడకుండా టోపీ సర్దుకున్నాడు. "నిన్ను అని ఏం లాభంలే. మేమూ ఆమెను నమ్మలేదు."